ఆ దీపాన్ని ఆర్పించకండి... అడగండి!

*డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలుగుతూనే ఉందా? అది కారుకి వచ్చిన చిన్న నలత కాదు. అందులో కూర్చునే మీ ఇంటిల్లిపాది ఆరోగ్యానికి సంబంధించిన విషయం.*

ఇంట్లో పెద్దవాళ్లకి మూడు నెలలకోసారి షుగర్ పరీక్ష చేయిస్తాం. బీపీ కాస్త పెరిగిందంటే పచ్చళ్లు పక్కన పెట్టిస్తాం. పిల్లాడికి రెండు రోజులు జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పరుగెడతాం. అదే కుటుంబాన్ని ఎక్కించుకుని హైవే మీద వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారులో ఒక హెచ్చరిక దీపం నెలల తరబడి వెలుగుతూ ఉంటే మాత్రం పట్టించుకోం. ‘బండి బాగానే నడుస్తోందిగా!’ అనేసి ఊరుకుంటాం.

నా అభ్యంతరం సరిగ్గా ఆ మాట మీదే. ఇంజిన్ దీపం వెలిగితే బండి మొరాయిస్తుందేమోనని భయపడతాం. బ్యాటరీ దీపం వెలిగితే దారిలో ఆగిపోతామని కంగారు పడతాం. ఒళ్లో పెద్ద బంతి పట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ ఒకటి ఉంటుంది చూడండి, ఎర్రగానో పసుప్పచ్చగానో వెలిగే ఆ దీపం వల్ల కారు ఆగదు, మైలేజీ తగ్గదు, శబ్దమూ రాదు. అందుకే దానికి విలువ లేకుండా పోయింది. లక్షణాలు కనిపించని బీపీ లాంటిదే ఇదీ. నొప్పి లేదు కదాని వదిలేస్తే, ఒక్కరోజులో మొత్తం లెక్క తేల్చేస్తుంది.

చాలామంది ఆ దీపం ఎయిర్‌బ్యాగ్ కోసమే అనుకుంటారు. నిజానికి అది సీటుబెల్టుకి కూడా కాపలా కాస్తుంది. ముందు సీట్ల బెల్టుల్లో ‘ప్రీటెన్షనర్’ అనే చిన్న పరికరం ఉంటుంది. దాని వైరులో ఎక్కడ తేడా వచ్చినా వెలిగేది ఆ దీపమే. అంటే, మీరు బెల్టు చక్కగా పెట్టుకున్నా అది పూర్తి శక్తితో పనిచేస్తుందన్న హామీ లేదని కారు మీకు చెబుతోందన్నమాట.

బెల్టు వెనక దాగిన పని

ఇప్పుడు మనం వాడుతున్న మూడు చోట్ల బిగుసుకునే సీటుబెల్టుని 1959లో స్వీడన్‌కి చెందిన వోల్వో కంపెనీ ఇంజినీరు నీల్స్ బోలిన్ రూపొందించారు. ప్రాణాలు కాపాడే వస్తువు కాబట్టి మిగతా కంపెనీలూ వాడుకోవచ్చంటూ వోల్వో ఆ పేటెంటుని అందరికీ వదిలేసింది. అయితే ఆ బెల్టుకి ఒక బలహీనత ఉంది. ఒంటికి ఎప్పుడూ గట్టిగా అతుక్కుని ఉండదు. చలికాలం స్వెట్టరు, మందపాటి చున్నీ, కాస్త ముందుకి వంగి కూర్చునే అలవాటు... వీటివల్ల ఒంటికీ బెల్టుకీ మధ్య కొంత వదులు ఉంటుంది. కారు గుద్దుకున్నప్పుడు ఆ వదులంతా తీరేదాకా శరీరం అదే వేగంతో ముందుకి వెళుతూనే ఉంటుంది.

ఆ వదులుని లాగేయడానికే ప్రీటెన్షనర్ వచ్చింది. 1981లో మెర్సిడెస్ బెంజ్ తన ఎస్-క్లాస్ కారులో డ్రైవరుకి ఎయిర్‌బ్యాగ్‌నీ, పక్క సీటుకి ఈ బెల్టు బిగించే పరికరాన్నీ తెచ్చింది. ఇప్పుడు మధ్యతరగతి కొనుక్కునే చిన్న కార్లలో కూడా ముందు సీట్లకి ఇది ఉంటోంది.

పనితీరు ఇలా ఉంటుంది. బెల్టు చుట్టుకునే డబ్బాలోనో, బకిల్ దగ్గరో దీపావళి టపాకాయలో ఉన్నంత మందు ఉంటుంది. దాని మధ్యలో వెంట్రుక లాంటి సన్నని తీగ. కారు గుద్దుకోగానే ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ ఆ తీగలోకి కరెంటు పంపుతుంది. తీగ కాలి, మందు అంటుకుని, ఆ ఒత్తిడికి బెల్టు చటుక్కున వెనక్కి లాక్కుంటుంది. ఇదంతా సెకనులో వందో వంతు సమయంలో జరిగిపోతుంది. ముందుకి తూలబోయే మనిషిని సీటుకి హత్తిస్తుంది. ఆ తర్వాతే ఎయిర్‌బ్యాగ్ వచ్చి తలని అందుకుంటుంది.

ఒక్కసారి పేలాక దాని పని అయిపోయినట్టే. మళ్లీ వాడటానికి ఉండదు, కొత్తది వేయాల్సిందే.

వదులుగా ఉంటే ఒంటికి ఏమవుతుంది?

గంటకి 50 కిలోమీటర్ల వేగంతో గోడకి గుద్దుకోవడమంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి నేల మీద పడటంతో సమానం. ఆ వేగాన్ని శరీరం ఎంత దూరంలో, ఎంత సమయంలో వదిలించుకుంటుందన్న దాని మీదే గాయం ఆధారపడి ఉంటుంది. బెల్టు మొదటి క్షణం నుంచే పట్టుకుంటే కారు ముందు భాగం నలిగే సమయమంతా శరీరానికి కలిసివస్తుంది. బెల్టు ఆలస్యంగా పట్టుకుంటే మిగిలిన కాస్త సమయంలోనే అంత వేగమూ ఆగాలి. ఆ భారం పక్కటెముకల మీద పడుతుంది. వయసు పైబడి ఎముకలు గుల్లబారిన అమ్మమ్మకో తాతయ్యకో అది మరీ ప్రమాదం.

పొట్ట దగ్గర ఇంకో చిక్కు ఉంది. నడుం పట్టీ తుంటి ఎముకల మీద ఉండాలి. వదులుగా ఉంటే మనిషి బెల్టు కింద నుంచి ముందుకి జారిపోతాడు, పట్టీ మెత్తని పొట్ట మీదికి ఎక్కుతుంది. అప్పుడు పేగులు, కాలేయం, ప్లీహం దెబ్బతినవచ్చు. నడుం దగ్గర వెన్నుపూస విరగవచ్చు. గర్భిణులు పట్టీని పొట్ట మీద కాకుండా కింద, తొడల మొదట్లో ఉండేలా పెట్టుకోవాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. ప్రమాదం తర్వాత ఛాతీ మీదో పొట్ట మీదో బెల్టు ఆకారంలో కమిలిన గుర్తు కనిపిస్తే, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లండి. ‘బెల్టు ఒరుసుకుందిలే’ అని ఇంటికి రావద్దు. పేగుకి తగిలిన దెబ్బ కొన్ని గంటల తర్వాత బయటపడటం మామూలే. డాక్టరుకి ఆ గుర్తు చూపించండి. బెల్టు పెట్టుకున్నారా, ఎక్కడ కూర్చున్నారు అన్నది చెప్పండి.

ఇదంతా చదివి బెల్టు మీద భయం పెంచుకోవద్దు. సీటుబెల్టు ముందు సీట్లలో కూర్చున్నవారి మరణాల ముప్పుని దాదాపు సగానికి తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీపం వెలుగుతున్న కారులోనైనా బెల్టు పెట్టుకోవాల్సిందే. ఎందుకంటే కుదుపు రాగానే బెల్టు లాక్ అవడం కరెంటుతో పనిలేని వ్యవహారం, అది జరుగుతుంది. పోయేది దానికి తోడుగా ఉండాల్సిన ఆ బిగింపు.

దీపం వెనక కథలు

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ తన వైర్లన్నిటినీ ఒకసారి చూసుకుంటుంది. బండి నడుస్తున్నంత సేపూ చూస్తూనే ఉంటుంది. మందు అంటుకోనంత స్వల్పమైన కరెంటు పంపి, ప్రీటెన్షనర్ దారిలో ఎంత నిరోధం ఉందో కొలుస్తుంది. అది సాధారణంగా రెండు ఓమ్‌ల చుట్టుపక్కల ఉండాలి. ఇంతకన్నా ఎక్కువైనా, తక్కువైనా, వైరు కారు బాడీకి తగిలినా, బ్యాటరీ కరెంటు దాన్లోకి వచ్చినా ఒక కోడ్ రాసుకుని దీపం వెలిగిస్తుంది. రెండు ఓమ్‌లంటే చాలా చిన్న కొలత. పిన్ను మీద కాస్త చిలుం పట్టినా లెక్క తప్పుతుంది.

అందుకే దీపం వెలగ్గానే ‘పెద్ద పార్టే పోయింది’ అనుకోనక్కర్లేదు. చాలాసార్లు కారణం చిన్నదే. మన ఇళ్లలో జరిగేవే చూడండి.

సీటు కింద పసుపురంగు సాకెట్లు ఉంటాయి. ఈ వ్యవస్థకి చెందిన వైర్లని గుర్తుపట్టడానికి ఎక్కువ కంపెనీలు వాడే రంగు అది. సీటు ముందుకీ వెనక్కీ జరిపిన ప్రతిసారీ ఆ వైర్లు లాగినట్టవుతాయి. దానికి తోడు సీటు కింద మనం నీళ్ల సీసాలు, గొడుగు, చెప్పులు, పిల్లల బొమ్మలు కుక్కుతాం. లోపల షాంపూ వాష్ చేయించినప్పుడు తడి చేరుతుంది. వాక్యూమ్ గొట్టం తగిలి సాకెట్ కదులుతుంది. వీధిలో నిలిపిన కారైతే ఎలుకలు ఉండనే ఉన్నాయి.

కొత్త సీటు కవర్లు వేయించాక దీపం వెలిగిందా? కవర్లు వేసేవాళ్లు సీటు విప్పి, సాకెట్ పీకి, మధ్యలో తాళం ఆన్ చేసి ఉంటారు. లేదా తిరిగి పెట్టేటప్పుడు సాకెట్ పూర్తిగా కూర్చుని ఉండదు.

వరద నీళ్లలో మునిగిన కార్లది వేరే సంగతి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ చాలా కార్లలో రెండు ముందు సీట్ల మధ్య, నేలకి దగ్గరగా ఉంటుంది. బెల్టు డబ్బా ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య ఉన్న స్తంభంలో అడుగున ఉంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. ఇంజిన్ బాగుచేసి, కార్పెట్లు ఎండబెట్టి ఇచ్చిన కారులో కూడా ఈ సాకెట్లకి తర్వాత తీరిగ్గా చిలుం పడుతుంది.

బ్యాటరీ బాగా దిగిపోయి వేరే కారుతో స్టార్ట్ చేసినప్పుడు కూడా ఒక పాత కోడ్ మిగిలిపోవచ్చు. హారన్, స్టీరింగ్ మీది బటన్లు కూడా పనిచేయకపోతే అనుమానించాల్సింది బెల్టుని కాదు, స్టీరింగ్ లోపల చుట్టగా ఉండే రిబ్బన్ వైరుని. దీపం ఒకటే, కారణాలు అనేకం. అందుకే పరీక్ష లేకుండా పార్టు మార్చడం, దగ్గు వినగానే ఎక్స్‌రే తీయకుండా క్షయ మందులు మొదలుపెట్టడం లాంటిది.

ఒక్కోసారి తప్పు మీదీ కాదు, మెకానిక్‌దీ కాదు. 2023 జనవరిలో మారుతీ సుజుకీ 17,362 కార్లను ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ పరీక్షించి మార్చడానికి వెనక్కి పిలిచింది. అరుదుగానైనా ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగులు, ప్రీటెన్షనర్లు పనిచేయకపోవచ్చని ఆ కంపెనీయే చెప్పింది. అలాంటి పిలుపులు వచ్చినప్పుడు ఖర్చు కంపెనీదే. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ కారు ఛాసిస్ నంబరు కొడితే మీ బండి ఆ జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది.

మంచి పరీక్ష ఎలా ఉంటుంది?

ఇది మీరు ఇంట్లో చేసుకునే పని కాదు. సీటు కింద చెయ్యి పెట్టి పసుపు సాకెట్ ఊపి చూద్దామనుకోకండి. మందు దట్టించిన వస్తువుతో ఇంటివైద్యం వద్దు. కానీ మెకానిక్ ఏం చేస్తున్నాడో తెలుసుకోవడం మీ హక్కు. డాక్టరు రాసిన పరీక్ష ఎందుకో అడుగుతాం కదా!

మొదటి మెట్టు, స్కానర్ పెట్టి కోడ్ చదవడం. ఫోన్‌కి కలిపే చవక పరికరాలు చాలావరకూ ఇంజిన్ కోడ్లనే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌తో మాట్లాడగల స్కానర్ కావాలి. కోడ్ ఏ వైపు బెల్టుదో, ఇప్పుడు ఉన్న లోపమా లేక ఎప్పుడో వచ్చిపోయిన పాత లోపమా అన్నది అది చెబుతుంది. ఈ తేడా చాలా ముఖ్యం. పాతదైతే చెరిపేసి గమనించవచ్చు. ఇప్పటిదైతే మూలం వెతకాల్సిందే.

రెండోది, కోడ్ ఏమంటోందో అర్థం చేసుకోవడం. నిరోధం ఎక్కువంటే వైరు తెగడం, పిన్ను వదులవడం, చిలుం పట్టడం, లేదా ప్రీటెన్షనర్ తీగే పోవడం. తక్కువంటే రెండు వైర్లు ఒరుసుకుని తగలడం, లేదా సాకెట్ సగమే కూర్చోవడం. ఈ సాకెట్లలో ఒక చిన్న స్ప్రింగ్ పత్తీ ఉంటుంది. పొరపాటున స్టాటిక్ కరెంటుకి మందు అంటుకోకుండా, సాకెట్ ఊడగానే అది రెండు పిన్నుల్నీ కలిపేస్తుంది. సాకెట్ చివరిదాకా నొక్కకపోతే ఆ పత్తీ విడిపడదు, కంప్యూటర్‌కి నిరోధం తక్కువగా కనిపిస్తుంది. కవర్ల షాపు నుంచి వచ్చాక వెలిగిన దీపాల్లో ఇదీ ఒక కారణం.

మూడోది, ముట్టుకునే ముందు జాగ్రత్త. తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, కంపెనీ పుస్తకంలో చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. ప్రమాదంలో బ్యాటరీ పగిలిపోయినా పనిచేసేలా ఆ కంప్యూటర్ తనలో కొంత కరెంటు దాచుకుంటుంది. అది దిగిపోవాలి. ఆ తర్వాతే సాకెట్ విప్పి పిన్నులు చూడాలి.

నాలుగోది అసలు కిటుకు. ప్రీటెన్షనర్‌ని నేరుగా మల్టీమీటర్‌తో కొలవకూడదు. టెస్ట్ ల్యాంప్ అసలే పెట్టకూడదు. ఆ కరెంటుకే పేలిపోయే ప్రమాదం ఉంది. దాని బదులు ప్రీటెన్షనర్ సాకెట్ తీసి, అక్కడ రెండు ఓమ్‌ల డమ్మీ పెట్టి, బ్యాటరీ కలిపి మళ్లీ స్కాన్ చేస్తారు. కోడ్ పోతే లోపం ప్రీటెన్షనర్‌లో. పోకపోతే వైరులోనో కంప్యూటర్‌లోనో. ఇంత తేలిక పరీక్షతో వేల రూపాయల పార్టు అనవసరంగా మార్చే పని తప్పుతుంది. పరీక్ష అవగానే డమ్మీ తీసేసి అసలుది బిగించాలి. మళ్లీ స్కాన్ చేసి కోడ్ లేదని చూపించాలి.

తప్పుడు వైద్యం మూడు రకాలు

మొదటిది, కోడ్ చెరిపేసి పంపించడం. దీపం ఆరుతుంది, మనం సంతోషంగా డబ్బు కట్టి వస్తాం. వారానికో, వానకో మళ్లీ వెలుగుతుంది. జ్వరానికి బిళ్ల వేసి టైఫాయిడ్‌ని వదిలేయడం ఇది. ఒకసారి చెరిపి చూడటంలో తప్పులేదు. రెండోసారి కూడా చెరిపి చేతులు దులుపుకుంటే వేరే చోటికి వెళ్లండి.

రెండోది, పరీక్ష కోసం వాడాల్సిన ఆ డమ్మీని శాశ్వతంగా ఉంచేయడం. ప్రీటెన్షనర్ ఖరీదు ఎక్కువ, కొద్ది రూపాయల రెసిస్టర్ పెడితే కంప్యూటర్ నమ్మేస్తుంది. దీపం వెలగదు. మీ బెల్టు వెనక మాత్రం ఏమీ ఉండదు. ఇది మరమ్మతు కాదు, మోసం. మనమే ‘ఏదో ఒకటి చేసి దీపం ఆర్పేయవయ్యా’ అని అడిగితే ఆ మోసంలో మనకీ వాటా ఉంది.

మూడోది మన చేతులతో మనమే చేసేది. బెల్టు పెట్టుకోకుండా బీప్ మోగకూడదని బకిల్‌లో దూర్చే క్లిప్పు. అది బెల్టు పెట్టుకున్నారని కారుకి అబద్ధం చెబుతుంది. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర వంతెన మీద జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయారు. వెనక సీట్లో ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత ఈ క్లిప్పుల మీద దేశమంతా చర్చ జరిగింది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్ల మీద ఉత్తర్వులు ఇచ్చింది. మొత్తం 13,118 అమ్మకపు ప్రకటనలు తీసేయించారు. అన్నేసి ప్రకటనలు ఉన్నాయంటే కొనేవాళ్లు ఎంతమందో ఊహించండి.

అమ్మకానికి వచ్చిన కారు

సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు టైర్లు చూస్తాం, ఏసీ చూస్తాం, బానెట్ ఎత్తి రంగు చూస్తాం. ఈ ఒక్క పరీక్ష కూడా చేయండి. పైసా ఖర్చు లేదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ వరకే తిప్పండి. బటన్ కార్లయితే బ్రేకు, క్లచ్ తొక్కకుండా బటన్ నొక్కండి. చాలా కార్లలో రెండుసార్లు నొక్కాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లలో తనంతట తానే ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా పెద్ద అనుమానం, ఎవరో దీపాన్నే తీసేసి ఉంటారు. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే ఆరితే దాన్ని వేరే దీపానికి కలిపి ఉండవచ్చు.

ఇంకో సంగతి. కొన్ని ప్రమాదాల్లో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకుండా ప్రీటెన్షనర్లు మాత్రమే పేలతాయి. బయటికి ఏమీ కనిపించదు. ‘చిన్న దెబ్బే, ఎయిర్‌బ్యాగులు కూడా రాలేదు’ అని అమ్మేవాళ్లు చెప్పేది నిజమే కావచ్చు, బెల్టు మాత్రం ఖాళీ అయి ఉండవచ్చు. బెల్టు లాగితే బిగుసుకుపోవడం, తిరిగి చుట్టుకోకపోవడం, బకిల్ పక్క సీటు దానికన్నా కిందికి దిగి ఉండటం దీనికి గుర్తులు. మీ సొంత కారుకి దెబ్బ తగిలి ఇన్సూరెన్సులో బాగుచేయించినా, బెల్టులు పరీక్షించారా అని అడిగి బిల్లులో చూసుకోండి.

‘అంత ఖర్చు ఎవరు పెడతారు?’

ఈ ప్రశ్న న్యాయమైనదే. ప్రీటెన్షనర్ ఉన్న బెల్టు మొత్తం సెట్టుగా మార్చాలి, అది చవక కాదు. ఈఎంఐ, స్కూలు ఫీజు, అమ్మానాన్నల మందుల మధ్య ఒక దీపం కోసం అంత తీయడం ఎవరికైనా కష్టమే. కానీ పైన చెప్పినట్టు, చాలా దీపాలకి కారణం ఒక వదులు సాకెట్. పరీక్ష చేయించని భయమే మనకి ఖర్చుని పెద్దది చేసి చూపిస్తోంది. నిజంగా పార్టే మార్చాల్సి వస్తే, అదే కారుకి పండక్కి వేయించే సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, అల్లాయ్ చక్రాల వరుసలో దీన్ని ముందు నిలబెట్టండి. వారంటీ ఉంటే రాతపూర్వకంగా అడగండి. తుక్కు అంగట్లో పాత బెల్టు కొని బిగించుకోవడం మాత్రం వద్దు. అది ఏ నీళ్లలో నానిందో, ఎప్పుడు పేలిందో ఎవరికీ తెలియదు.

తప్పంతా కుటుంబాలదే అంటే నేను ఒప్పుకోను. బెల్టు పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం వెయ్యి రూపాయల జరిమానా వేస్తుంది, వేయాలి కూడా. ఎందుకంటే కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 16,715 మంది సీటుబెల్టు పెట్టుకోనివాళ్లు. వారిలో 8,331 మంది డ్రైవర్లు కాదు, పక్కనో వెనకో కూర్చున్న ప్రయాణికులు. అంటే అమ్మలు, నాన్నలు, పిల్లలు. అయితే పెట్టుకున్న బెల్టు పనిచేస్తోందా అని అడిగేవాళ్లు లేరు. సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఈ మధ్యలో పొగ పరీక్ష తప్ప ఇంకేదీ తప్పనిసరి కాదు. ఆ పొగ పరీక్ష దగ్గరే తాళం తిప్పి ఆ దీపం ఆరుతోందో లేదో చూడటానికి పది సెకన్లు చాలు. ఇన్సూరెన్సు రెన్యువల్ అప్పుడు ఒక ఫొటో అడిగితే చాలు. పొగ వల్ల పక్కవాడికి హాని కాబట్టి పరీక్షిస్తున్నాం. మన కారులో కూర్చున్నవాళ్ల ప్రాణం కూడా పరీక్షకి తగినదే కదా!

ఈ వారం ఈ పని చేయండి

రేపు ఉదయం ఆఫీసుకి బయల్దేరేటప్పుడు తాళం తిప్పి ఆ దీపాన్ని చూడండి. ఆరిపోతే సంతోషం. ఆరకపోతే ఫోనుతో ఫొటో తీసి, ఎప్పుడు మొదలైందో రాసుకోండి. సీటు జరిపాకా, వానకా, వాష్ తర్వాతా, కవర్లు వేయించాకా, బ్యాటరీ మార్చాకా? రోగి చెప్పే వివరాలు డాక్టరుకి ఎంత ముఖ్యమో, మెకానిక్‌కి ఇవీ అంతే. షెడ్డులో నాలుగు ప్రశ్నలు అడగండి: కోడ్ ఏమిటి? ఇప్పటిదా, పాతదా? పార్టు పోయిందని ఎలా తేల్చారు? బాగుచేశాక స్కానర్‌లో చూపిస్తారా? ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పే మెకానిక్‌ని వదులుకోకండి. ‘అవన్నీ మీకెందుకు సార్, దీపం ఆరిపోతుంది’ అనేవాడికి తాళాలు ఇవ్వకండి.

బాగయ్యేదాకా సాధ్యమైనంతవరకూ దూరప్రయాణాలు ఆపండి. తప్పకపోతే బెల్టు మెలిక పడకుండా, వదులు లేకుండా లాగి పెట్టుకోండి. నడుం పట్టీ తుంటి మీద, పై పట్టీ భుజం మధ్యలో ఉండాలి. సీటు వెనక్కి వాల్చి పడుకోవద్దు. సీటు కింద సామాను తీసేయండి. వెనక కూర్చున్న అత్తయ్య, మామయ్య, పిల్లలు అందరూ బెల్టు పెట్టుకున్నాకే బండి కదలాలి.

కారు మనతో మాట్లాడే భాష ఆ దీపాలే. మిగతా దీపాలు బండి గురించి చెబుతాయి. ఇది మీ గురించి, మీ పక్కన కూర్చున్న మనిషి గురించి చెబుతోంది. దాని నోరు మూయించే ముందు, ఏం చెబుతోందో ఒక్కసారి వినండి.